కణం తన ప్రోటీన్లను తానే కూల్చుకునే తీరు

సభకు నమస్కారం. జీవశాస్త్రం గురించి ఎవరు ప్రసంగించినా ఎక్కువగా నిర్మాణం గురించే చెబుతారు. జన్యువులోని సమాచారం ఆర్‌ఎన్‌ఏగా ఎలా నకలవుతుంది, ఆ ఆర్‌ఎన్‌ఏను చదివి రైబోజోమ్ ప్రోటీన్ గొలుసును ఎలా అల్లుతుంది, అల్లిన గొలుసు ముడుచుకుని తన ఆకారానికి ఎలా వస్తుంది అన్న వరుసలోనే పాఠ్యపుస్తకాలు కూడా నడుస్తాయి. అలా తయారైన ప్రోటీన్ చివరికి ఏమవుతుందన్న ప్రశ్నకు చాలా పుస్తకాల్లో ఒక్క పేరా దక్కితే గొప్ప. ఆ ఒక్క పేరాలో ఇమడని సంగతులు చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

ముందుగా ఒక లెక్క చెబుతాను. ఎదిగిన మనిషి శరీరం రోజుకు సుమారు 250 నుంచి 300 గ్రాముల ప్రోటీన్‌ను విడగొట్టి, దాదాపు అంతే ప్రోటీన్‌ను మళ్లీ తయారు చేసుకుంటుంది. ఆహారం ద్వారా మనకు అందేది ఇందులో మూడో వంతు మాత్రమే. మిగిలినదంతా పాత ప్రోటీన్లను కూల్చగా వచ్చిన అమైనో ఆమ్లాలతోనే జరుగుతుంది. అంటే మన బరువు మారకుండా నిలకడగా కనిపిస్తున్నప్పుడు కూడా లోపల కూల్చడం, కట్టడం ఆగకుండా సాగుతూనే ఉంటాయి.

ఇది 1930ల దాకా ఎవరూ ఊహించని విషయం. అప్పటి అవగాహన ప్రకారం శరీరం ఒక యంత్రం, ఆహారం దాని ఇంధనం. యంత్రం భాగాలు స్థిరంగా ఉంటాయి, కొద్దికొద్దిగా అరిగినదాన్ని ఆహారం పూడుస్తుంది, తక్కినదంతా మండిపోయి బయటికి పోతుంది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ షోన్‌హైమర్ ఈ నమ్మకాన్ని చాలా సూటి ప్రయోగంతో పడగొట్టాడు. మామూలు నత్రజనికి బదులు దాని భార రూపమైన నత్రజని-15 ఉన్న అమైనో ఆమ్లాలను ఎదిగిన ఎలుకలకు తినిపించి, ఆ గుర్తు ఎక్కడ తేలుతుందో వెతికాడు. అది మూత్రంలో పూర్తిగా తేలాల్సింది పోయి, అందులో సగానికి పైగా ఎలుకల కణజాలాల ప్రోటీన్లలోకి చేరింది. ఎలుక బరువు మాత్రం పెరగలేదు. కొత్తది చేరి కూడా బరువు పెరగలేదంటే పాతది అంతే మోతాదులో కూలిందన్న మాట.

ఈ కూల్చివేత అన్ని ప్రోటీన్లకూ ఒకే వేగంతో జరిగితే మనం చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు. అలా జరగదు. ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం పోవడానికి పట్టే కాలం, నిమిషాల్లో ఉంటుంది. ఎర్ర రక్తకణంలోని హీమోగ్లోబిన్ ఆ కణంతో పాటు 120 రోజులు నిలుస్తుంది. కంటి కటకంలోని క్రిస్టలిన్ ప్రోటీన్లలో కొన్ని మనం పుట్టకముందు తయారై చివరిదాకా మనతోనే ఉంటాయి. కణం ఒకటే అయినా ఒక ప్రోటీన్‌కు నిమిషాల ఆయుష్షు, పక్కనున్న మరో ప్రోటీన్‌కు వారాల ఆయుష్షు దక్కుతున్నాయంటే, ఎవరిని ఎప్పుడు తొలగించాలో తేల్చే ఏర్పాటు ఏదో లోపల ఉండి తీరాలి. ఆ ఏర్పాటు ఎక్కడుంది, దాన్ని ఎవరు నడుపుతారు అన్నవే మన ప్రశ్నలు.

1955లో క్రిస్టియన్ డి డువ్ లైసోజోమ్‌ను కనుగొన్నప్పుడు సమాధానం దొరికేసిందనే చాలామంది అనుకున్నారు. లైసోజోమ్ ఒక సంచి. దాని లోపల ఆమ్లగుణం ఉంటుంది, ప్రోటీన్లను నరికే ఎంజైమ్‌లు ఉంటాయి, చుట్టూ పొర ఉంటుంది కాబట్టి ఆ ఎంజైమ్‌లు కణం మీద పడవు. చూడటానికి అన్నీ సరిపోయినట్టే ఉన్నాయి. అయితే అందులో పడినది ఏదైనా ఇంచుమించు ఒకే తీరులో జీర్ణమవుతుంది. కణద్రవ్యంలో తిరిగే వేలాది ప్రోటీన్లలోంచి ఒక్కదాన్ని ఏరి, దాన్నే ఆ నిమిషానే తొలగించడం ఆ సంచి వల్ల అయ్యే పని కాదు.

దీనికి తోడు, ఎవరికీ అంతుపట్టని పాత వింత ఒకటి ఉండనే ఉంది. 1953లో మెల్విన్ సింప్సన్ కాలేయపు పలుచని ముక్కలతో పని చేస్తూ, కణం ప్రోటీన్లను విడగొట్టడానికి శక్తి ఖర్చు పెడుతోందని గమనించాడు. దీని వింత ఏమిటో రసాయనశాస్త్రం చదివినవారికి వెంటనే తెలుస్తుంది. రెండు అమైనో ఆమ్లాలను కలిపే పెప్టైడ్ బంధం నీటితో తెగినప్పుడు శక్తి విడుదలవుతుందే తప్ప ఖర్చు కాదు. మన జీర్ణాశయంలో పెప్సిన్, చిన్న పేగులో ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌లు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు సాయమేమీ లేకుండా ప్రోటీన్లను నరుకుతూనే ఉన్నాయి. వాలులో దానంతట అదే దొర్లే బండను కణం ఎదురు డబ్బిచ్చి తోయించుకుంటున్నట్టు ఉంది ఈ వ్యవహారం. ఆ ఖర్చు దేనికి అన్న ప్రశ్న పాతికేళ్లపాటు అలాగే ఉండిపోయింది. ఈ రంగం మొత్తంలో ఇంతకన్నా మంచి ప్రశ్న ఇంకొకటి లేదని నా అభిప్రాయం. జవాబు మొత్తం ఆ ప్రశ్నలోనే దాగి ఉంది.

1977లో ఆల్ఫ్రెడ్ గోల్డ్‌బర్గ్, జోసెఫ్ ఎట్లింగర్ ఒక అనువైన పదార్థాన్ని ఎంచుకున్నారు. అది రెటిక్యులోసైట్ రసం. రెటిక్యులోసైట్ అంటే పూర్తిగా ఎదగడానికి సిద్ధమవుతున్న ఎర్ర రక్తకణం. ఆ కణాలను పగలగొట్టి తీసిన రసానికి లైసోజోమ్‌లతో పని లేకుండానే, ఏటీపీ అందిస్తే చాలు, లోపభూయిష్టమైన ప్రోటీన్లు విడిపోవడం వారికి కనిపించింది. పైగా అది లైసోజోమ్‌కు అనువైన ఆమ్ల స్థితిలో జరగలేదు, కొద్దిగా క్షార స్థితిలో జరిగింది. అంటే కణద్రవ్యంలోనే ఇంకో యంత్రాంగం ఉంది.

దాన్ని విప్పి చూసింది ఇజ్రాయెల్‌లోని హైఫా నగరపు టెక్నియన్‌లో పనిచేసే అవ్రామ్ హెర్ష్‌కో, ఆయన విద్యార్థి ఆరన్ చెహనోవర్, వారికి ఫిలడెల్ఫియాలో ఆతిథ్యమిచ్చిన అర్విన్ రోజ్. వారు చేసిన పనిని కాస్త దగ్గరగా చూపిస్తాను. ఆ రసంలో హీమోగ్లోబిన్ విపరీతంగా ఉంటుంది. ముందు దాన్ని వదిలించుకుంటే తప్ప ఏమీ తేలదు. అందుకని రసాన్ని ఒక రెజిన్ గొట్టం గుండా పంపి రెండు భాగాలు చేశారు. గొట్టానికి అంటకుండా జారిపోయింది మొదటి భాగం, అంటుకుని తర్వాత ఉప్పునీటితో కడిగితే వచ్చింది రెండో భాగం. హీమోగ్లోబిన్ మొదటి భాగంలోకి పోయింది. ప్రోటీన్లను నరికే ఎంజైమ్ రెండో భాగంలో ఉండాలని వారి అంచనా. కానీ రెండో భాగం విడిగా పని చేయలేదు, మొదటిది కూడా పని చేయలేదు. రెండింటినీ కలిపితే మాత్రం చేసింది. ఎంజైమ్‌ను శుద్ధి చేయబోతే పని ఆగిపోవడాన్ని చాలామంది ప్రయోగం చెడిందని లెక్కవేసి వదిలేస్తారు. వారు వదల్లేదు.

మొదటి భాగంలో ఉన్నదేమిటో తెలుసుకోవడానికి దాన్ని వేడి చేశారు. హీమోగ్లోబిన్ గడ్డకట్టి అడుగుకు చేరింది. పైన తేరుకున్న ద్రవంలో వారికి కావలసిన పదార్థం చెక్కుచెదరకుండా మిగిలింది. అది చాలా చిన్న ప్రోటీన్, వేడికి ఓర్చుకునేది. దానికి రేడియోధార్మిక అయోడిన్ తగిలించి చూస్తే, ఏటీపీ ఉన్నప్పుడు అది పెద్ద ప్రోటీన్లకు అతుక్కుంటోంది. ఆ అతుకు ఉప్పునీటితో ఊడే రకం కాదు, క్షారంతో వేడి చేసినా వదలని సమయోజనీయ బంధం. ఒక్కో ప్రోటీన్‌కు ఒకటి కాకుండా చాలా ప్రతులు అంటుకుంటున్నాయి. ఏటీపీ ఖర్చు ప్రోటీన్‌ను నరకడానికి కాకుండా, ఫలానా దాన్ని నరకాలని గుర్తు పెట్టడానికి అవుతోందన్న మొదటి సూచన ఇదే. 1980లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. 2004లో ఆ ముగ్గురికీ రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

ఆ చిన్న ప్రోటీన్ కొత్తదేమీ కాదని 1980లోనే తేలింది. 1975లోనే గిడియన్ గోల్డ్‌స్టీన్ దాన్ని దూడ థైమస్ గ్రంథి నుంచి వేరు చేశాడు. ఎక్కడ వెతికినా దొరుకుతోందని దానికి యుబిక్విటిన్ అని పేరొచ్చింది, ఆ మాటకు సర్వత్రా ఉండేదని అర్థం. క్రోమోజోమ్‌లోని హిస్టోన్ ప్రోటీన్‌కు అది కొమ్మలా అతుక్కుని ఉండటాన్ని 1977లో మరో బృందం చూసింది. పేరు ఉంది, ఆకారం తెలుసు, పని మాత్రం ఎవరికీ తెలియదు. యుబిక్విటిన్‌లో 76 అమైనో ఆమ్లాలు ఉంటాయి. మనిషికీ ఈస్టుకూ మధ్య ఎంత దూరమో ఆలోచించండి. అయినా ఈ రెండింటి యుబిక్విటిన్లలో మూడంటే మూడు అమైనో ఆమ్లాలే తేడా. పరిణామం ఇంత గట్టిగా కాపాడిన ప్రోటీన్లు చాలా అరుదు.

ఇక గుర్తు పెట్టే పద్ధతి చూద్దాం. ఇందులో మూడు మెట్లున్నాయి. ఇ-1 అనే ఎంజైమ్ ఏటీపీని ఖర్చు పెట్టి యుబిక్విటిన్ తోకను చురుకు చేసి, తనలోని సిస్టీన్‌కు తగిలించుకుంటుంది. ఇ-1 దాన్ని ఇ-2 చేతికి అందిస్తుంది. ఇ-3 అనే మూడో ఎంజైమ్ ఒక పక్క ఇ-2ను, మరో పక్క కూల్చవలసిన ప్రోటీన్‌ను పట్టుకుని రెండింటినీ దగ్గరకు చేరుస్తుంది. అప్పుడు యుబిక్విటిన్ తోకలోని చివరి గ్లైసిన్ ఆ ప్రోటీన్‌లోని ఒక లైసిన్‌కు అతుక్కుంటుంది. మనిషిలో ఇ-1లు రెండు, ఇ-2లు నలభై దాకా, ఇ-3లు ఆరు వందలకు పైగా ఉన్నాయి. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే వ్యవస్థ స్వభావం అర్థమవుతుంది. శక్తిని సమకూర్చే పని ఉమ్మడిది, దానికి ఇద్దరు చాలు. ఎవరిని పట్టుకోవాలో తేల్చే పని దేనికది వేరు, దానికి వందలమంది కావాలి. మన జన్యువుల్లో ఇంత పెద్ద భాగాన్ని కణం కూల్చివేతల ఎంపికకే కేటాయించిందంటే అది ఆషామాషీ పని కాదు.

ఒక్క యుబిక్విటిన్ అంటితే ప్రోటీన్ సాధారణంగా కూలదు. మొదటి యుబిక్విటిన్‌లో ఉన్న లైసిన్‌కు రెండోది, దానికి మూడోది అతుక్కుంటూ గొలుసు పెరగాలి. యుబిక్విటిన్‌లో ఏడు లైసిన్‌లు ఉన్నాయి. ఏ లైసిన్ మీదుగా గొలుసు పెరిగిందన్నదాన్ని బట్టి దాని అర్థం మారిపోతుంది. 48వ స్థానంలోని లైసిన్ ద్వారా పెరిగిన గొలుసును కణం కూల్చివేత ఆదేశంగా చదువుకుంటుంది. 63వ స్థానం ద్వారా పెరిగినది చాలా సందర్భాల్లో డీఎన్‌ఏ మరమ్మతుకో, సంకేతాల ప్రసారానికో పనికొస్తుంది. అక్షరాలు అవే అయినా ఒత్తు ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి మాట అర్థం మారినట్టు అన్నమాట. రాసిన గుర్తును చెరిపే ఎంజైమ్‌లు కూడా మనలో వంద దాకా ఉన్నాయి. కాబట్టి ఒక ప్రోటీన్ మీద గొలుసు పెరుగుతున్నంతసేపూ దాన్ని కత్తిరించే చేతులు కూడా పక్కనే ఉంటాయి. ఆఖరి క్షణం దాకా నిర్ణయం వెనక్కి మళ్లే వీలుంటుంది.

ఈ చెరిపే చేతుల సంగతి నాకు పుస్తకం కన్నా ముందు ప్రయోగశాల నేర్పింది. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒక ప్రోటీన్‌కు యుబిక్విటిన్ గొలుసులు అంటుతున్నాయని చూపడానికి నెలన్నర పాటు ప్రయత్నించాను. అవి అంటితే, ప్రోటీన్లను బరువును బట్టి విడదీసే జెల్ మీద ఆ ప్రోటీన్ గీత పైన నిచ్చెన మెట్లలా, మసక మరకలా బరువైన రూపాలు కనిపించాలి. ప్రతిసారీ శుభ్రమైన ఒకే ఒక్క గీత వచ్చేది. గుర్తులు అంటిన ప్రోటీన్ అప్పటికప్పుడే నాశనం కాకూడదని, వాటిని నరికే ప్రోటియాసోమ్ అనే యంత్రాన్ని ఆపే ఎంజీ-132 అనే పదార్థాన్ని కణాలకు ముందే ఇచ్చాను. ఆ జాగ్రత్త తీసుకున్నాను కదా అని ధీమాగా ఉన్నాను. కానీ కణాలను పగలగొట్టే ద్రావణంలో, చెరిపే ఎంజైమ్‌లలో అత్యధిక భాగాన్ని ఆపే ఎన్-ఇథైల్‌మెలిమైడ్ వేయడం మరిచిపోతూ వచ్చాను. కణం పగిలిన మరుక్షణం ఆ ఎంజైమ్‌లు మంచు మీద ఉంచిన గొట్టంలో కూడా నా గుర్తులన్నీ నున్నగా గీకేశాయి. అది కలిపిన రోజున మరక కనిపించింది. ఆ మరకంత అందమైన దాన్ని ఆ ఏడాది నేను మళ్లీ చూడలేదు.

గుర్తు పడిన ప్రోటీన్‌ను నరికేది ప్రోటియాసోమ్. పూర్తి రూపంలో దాన్ని 26ఎస్ ప్రోటియాసోమ్ అంటారు, బరువు సుమారు 25 లక్షల డాల్టన్లు. నడుమ ఒక పీపా ఉంటుంది. అది ఒకదానిపై ఒకటి పేర్చిన నాలుగు ఉంగరాలు, ఒక్కో ఉంగరంలో ఏడు ప్రోటీన్లు, మొత్తం 28. నరికే స్థానాలన్నీ పీపా లోపలి గోడ మీద ఉంటాయి, బయట ఒక్కటి కూడా లేదు. ఒకటి ఆమ్లగుణమున్న అమైనో ఆమ్లాల తర్వాత, ఒకటి క్షారగుణమున్నవాటి తర్వాత, మరొకటి నీటిని ఇష్టపడని పెద్ద అమైనో ఆమ్లాల తర్వాత నరుకుతుంది. ఈ కత్తులకు తన, పర తేడా తెలియదు. బయట వదిలితే గుడ్డెద్దు చేలో పడ్డట్టు కణాన్ని మొత్తం కుమ్మేస్తాయి. అందుకే వాటిని గదిలో పెట్టి, గది ద్వారాన్ని ముడుచుకున్న ప్రోటీన్ ఏదీ పట్టనంత ఇరుకు చేసింది ప్రకృతి.

పీపాకు ఇరువైపులా ఉండే టోపీలది కాపలా పని. టోపీలోని కొన్ని భాగాలు యుబిక్విటిన్ గొలుసును పట్టుకుంటాయి. దాని అడుగున ఆరు ఏటీపీఏజ్‌లు ఉంగరంగా నిలబడి, ప్రోటీన్‌లో ముడుచుకోకుండా వేలాడే కొసను అందిపుచ్చుకుని, ఏటీపీ ఖర్చుతో లోపలికి లాగుతాయి. అల్లిక కొసను పట్టి లాగితే మొత్తం ఊడివచ్చినట్టు ప్రోటీన్ విచ్చుకుంటూ పీపాలోకి దిగుతుంది. వేలాడే కొస లేకపోతే, యుబిక్విటిన్ ఎంత పొడవుగా ఉన్నా పని మొదలవదు. ద్వారం దగ్గరే ఆర్‌పీఎన్-11 అనే ఎంజైమ్ యుబిక్విటిన్ గొలుసును మొదలంటా కోసి బయటికి వదిలేస్తుంది. గుర్తు మళ్లీ వాడుకకు పోతుంది, గుర్తు పడినది మూడు నుంచి పాతిక అమైనో ఆమ్లాల ముక్కలుగా బయటికి వస్తుంది. వీటిలో కొన్ని ముక్కలను కణం తన ఉపరితలం మీద ప్రదర్శనకు పెడుతుంది. లోపల వైరస్ ప్రోటీన్లు తయారవుతుంటే రోగనిరోధక కణాలకు తెలిసేది ఆ ప్రదర్శన ద్వారానే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నరికే యంత్రానికి విచక్షణ లేదు, విచక్షణ అంతా ఇ-3 దగ్గర ఉంది. మరి ఇ-3 ఎవరిని చూసి ఎలా పోల్చుకుంటుంది? కూల్చదగిన ప్రోటీన్‌లో ఉండే ఆనవాలును డెగ్రాన్ అంటారు. వీటిలో మొదట దొరికింది చాలా సరళమైనది. 1986లో అలెగ్జాండర్ వర్షావ్‌స్కీ బృందం ఒకే ప్రోటీన్‌ను, మొదటి అమైనో ఆమ్లం ఒక్కటే మార్చి, ఈస్టు కణాల్లో పరీక్షించింది. మొదట మిథియోనిన్ ఉంటే అది ఇరవై గంటలకు మించి నిలిచింది. మొదట ఆర్జినిన్ ఉంటే దాని అర్ధాయువు రెండు నిమిషాలు. ఆయుష్షు తలరాత అంటారు కదా, ఇక్కడ అక్షరాలా తల దగ్గర రాసిన ఒక్క అక్షరమే.

అయితే ఎప్పుడూ బయటికి కనిపించే ఆనవాలుతో ఆయుష్షును పొట్టిగానో పొడవుగానో పెట్టవచ్చు గాని, సమయాన్ని బట్టి మార్చలేం. నిజమైన నియంత్రణ కావాలంటే, ఆనవాలు అవసరమైనప్పుడే కనిపించాలి. దీనికి కణం వాడే అతి సాధారణ ఉపాయం ఫాస్ఫేటు. ఎస్‌సీఎఫ్ అనే ఇ-3 కుటుంబంలో చట్రం ఒకటే, ప్రోటీన్‌ను పట్టుకునే కొస మాత్రం మార్చుకోవచ్చు. ఎఫ్-బాక్స్ ప్రోటీన్లనే ఈ కొసలు మనిషిలో డెబ్బై దాకా ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఫాస్ఫేటు లేని ప్రోటీన్ కంటికి ఆనదు. ఫలానా కైనేజ్ వచ్చి ఫాస్ఫేటు తగిలించిన క్షణం నుంచి అదే ప్రోటీన్ వేటకు గురవుతుంది. వాపు ప్రతిస్పందనను అదుపులో ఉంచే ఐ-కప్పా-బి ఇలాగే కూలుతుంది. అది కూలగానే అది బంధించి ఉంచిన ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను నడిపిస్తుంది.

ఈ ఉపాయాలన్నింటిలో నాకు బాగా నచ్చేది ఆక్సిజన్ కథ. మన కణాల్లో హిఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీన్ ఉంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు కొత్త రక్తనాళాలకూ, ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపోయిటిన్‌కూ సంబంధించిన జన్యువులను అది మేల్కొలుపుతుంది. ఆక్సిజన్ సరిపడా ఉన్నప్పుడు దాంతో పని లేదు. అయినా కణం దాన్ని తయారు చేయడం మానదు. తయారైనది తయారైనట్టే కూల్చేస్తూ ఉంటుంది, దాని అర్ధాయువు ఐదు నిమిషాలకు మించదు. కూల్చే ఆనవాలు ఎలా పడుతుందో చూడండి. 402, 564 స్థానాల్లోని రెండు ప్రోలిన్‌లకు ఒక ఎంజైమ్ హైడ్రాక్సిల్ సమూహాన్ని తగిలిస్తుంది, దానికి కావలసిన ఆక్సిజన్ పరమాణువును నేరుగా కణంలోని ఆక్సిజన్ నుంచే తీసుకుంటుంది. ఆ హైడ్రాక్సిల్ ఉంటే వీహెచ్ఎల్ అనే ఇ-3 భాగం హిఫ్‌ను పట్టుకుంటుంది, లేకపోతే పట్టుకోదు. ఆక్సిజన్ తగ్గితే హైడ్రాక్సిల్ పడదు, వీహెచ్ఎల్‌కు హిఫ్ కనిపించదు, నిమిషాల్లో హిఫ్ పోగుపడుతుంది. ఆక్సిజన్‌ను కొలవడానికి వేరే పరికరం అక్కర్లేదు. అది ఉంటేనే జరిగే రసాయన చర్యను ఆనవాలుగా పెట్టుకుంటే చాలు. దీన్ని విప్పిచెప్పిన విలియం కెలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజా 2019లో వైద్యశాస్త్ర నోబెల్ పంచుకున్నారు.

ఎప్పుడూ చేసి ఎప్పుడూ కూల్చడం దుబారా కదా అని అడిగేవారుంటారు. దుబారానే, కాని ఆ ఖర్చుతో కణం వేగాన్ని కొనుక్కుంటోంది. ప్రమాదం వచ్చాక జన్యువును తెరిచి, ఆర్‌ఎన్‌ఏ రాసి, ప్రోటీన్ అల్లేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఆగకుండా తయారవుతున్నదాన్ని కూల్చడం ఆపితే చాలు, పని వెంటనే మొదలవుతుంది. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు కణాన్ని నిలువరించే పి53 సంగతీ అంతే. ఎండీఎం2 అనే ఇ-3 దాన్ని మామూలు రోజుల్లో కూలుస్తూ ఉంటుంది, దెబ్బ తగిలితే ఆ పట్టు సడలుతుంది. పి53 మళ్లీ ఎండీఎం2 జన్యువునే నడిపిస్తుంది కాబట్టి, పని అయ్యాక తన్ను కూల్చేవాణ్ణి తానే పిలుచుకుంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే పాపిల్లోమా వైరస్‌లు ఈ కిటుకును పసిగట్టాయి. వాటి ఇ6 అనే ప్రోటీన్, మన కణంలోని మరో ఇ-3ను లోబరుచుకుని పి53 మీదికి ఉసిగొల్పుతుంది.

వేగం కాకుండా కూల్చివేతకు మరో గుణం ఉంది, అది వెనక్కి రాకపోవడం. ఫాస్ఫేటును తగిలించవచ్చు, తీసేయవచ్చు. కూలిన ప్రోటీన్‌ను తిరిగి అతికించలేం. కణ విభజనలో కణానికి కావలసింది సరిగ్గా ఈ గుణమే. 1982 వేసవిలో అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర ప్రయోగశాలలో టిమ్ హంట్, ఫలదీకరణం జరిగిన సముద్రపు అర్చిన్ గుడ్లలో ఏయే ప్రోటీన్లు తయారవుతున్నాయో రేడియోధార్మిక మిథియోనిన్‌తో చూస్తున్నాడు. జెల్ మీద గీతలన్నీ కాలంతో ముదురుతూ పోయాయి. ఒక్క గీత మాత్రం పెరిగి, గుడ్డు చీలే ముందు మాయమై, మళ్లీ పెరిగి, మళ్లీ మాయమైంది. దానికి సైక్లిన్ అని పేరు పెట్టాడు. విభజనను నడిపే కైనేజ్‌కు అది జత ప్రోటీన్ అని తర్వాత తేలింది. అది కూలితే తప్ప కణం విభజన నుంచి బయటపడదు.

దాన్ని కూల్చే ఇ-3 పేరు అనాఫేజ్ ప్రమోటింగ్ కాంప్లెక్స్, పొట్టిగా ఏపీసీ. క్రోమోజోమ్‌ల జంటలను అతికి ఉంచే జిగురును కోసే సెపరేజ్ అనే కత్తెర కణంలో ముందే సిద్ధంగా ఉంటుంది, సెక్యూరిన్ అనే ప్రోటీన్ దాని నోరు కట్టేసి ఉంచుతుంది. క్రోమోజోమ్‌లన్నీ నడుమకు చేరి, ప్రతిదానికీ రెండు ధ్రువాల నుంచి తాళ్లు అందేదాకా ఏపీసీని తొక్కిపెట్టి ఉంచుతారు. ఒక్క క్రోమోజోమ్ తాడు అందుకోకపోయినా దాని దగ్గర నుంచి ఆగమన్న సంకేతం వస్తూనే ఉంటుంది. చివరిది కూడా అందుకోగానే తొక్కిడి తొలగి, ఏపీసీ సెక్యూరిన్‌ను కూలుస్తుంది, కత్తెర తెరుచుకుంటుంది, జంటలు విడిపోతాయి. ఆ తర్వాత మనసు మార్చుకోవడానికి వీల్లేదు. నలభై ఆరు క్రోమోజోమ్‌ల పంపకంలో అలాంటి తిరుగులేని మెట్టు ఒకటి ఉండాల్సిందే.

అన్నీ యుబిక్విటిన్ దారినే పోవు. మొదట్లో చెప్పిన ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్‌కు యుబిక్విటిన్ అక్కర్లేదు, యాంటీజైమ్ అనే మరో ప్రోటీన్ దాన్ని చేయిపట్టి ప్రోటియాసోమ్ దగ్గరికి నడిపిస్తుంది. పెద్ద గుంపులుగా పేరుకున్న ప్రోటీన్లను, పాడైన మైటోకాండ్రియాను పొరలో చుట్టి లైసోజోమ్‌కు చేర్చే ఆటోఫేజీ కూడా ఉంది. అది వేరే ప్రసంగానికి సరిపడా విషయం.

ఇక వైద్యం సంగతి. 2003లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు బోర్టెజోమిబ్‌ను అనుమతించింది. అందులోని బోరాన్ పరమాణువు ప్రోటియాసోమ్ కత్తికి అడ్డుపడుతుంది. మైలోమా కణాలు యాంటీబాడీలను కుప్పలుగా తయారు చేస్తాయి, చెడిపోయినవాటిని తొలగించే దారి మూసుకుపోతే ఆ బరువుకు అవే కుప్పకూలుతాయి. ఇది కత్తిని ఆపే వైద్యం. దీనికన్నా ఆసక్తికరమైనది చూపును మళ్లించే వైద్యం, దాని చరిత్ర ఒక విషాదంతో మొదలైంది. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ నిద్రమాత్రగా అమ్మకానికి వచ్చింది, గర్భిణులకు వేవిళ్లు తగ్గడానికి కూడా ఇచ్చారు. 1961లో దాన్ని వెనక్కి తీసుకునేలోపు పదివేలకు పైగా శిశువులు కాళ్లు చేతులు సరిగా ఏర్పడకుండా పుట్టారు. అది ఎలా పనిచేస్తుందో తెలియడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 2010లో జపాన్ పరిశోధకులు, ఆ మందు సెరిబ్లాన్ అనే ఇ-3 భాగానికి అతుక్కుంటుందని చూపారు. అతుక్కుని దాన్ని ఆపేయదు, దాని ఉపరితలాన్ని కొద్దిగా మార్చి, అది మునుపెన్నడూ పట్టుకోని ప్రోటీన్లను పట్టుకునేలా చేస్తుంది. మైలోమా కణాలకు ప్రాణాధారమైన ఇకారోస్, అయోలోస్ అనే ప్రోటీన్లు అలా కూలుతాయని 2014లో తేలింది. అదే మందు అదే సెరిబ్లాన్ ద్వారా, పిండంలో అవయవాల ఎదుగుదలకు కావలసిన సాల్-4ను కూడా కూలుస్తుందని 2018లో తెలిసింది. ఎలుకల సెరిబ్లాన్‌లో చిన్న తేడా ఉంది, వాటిలో ఈ మందుతో ఆ ప్రోటీన్లు కూలవు. ఆనాడు ఎలుకల మీద ఎన్ని పరీక్షలు చేసినా ఈ ప్రమాదం బయటపడేది కాదు.

యాదృచ్ఛికంగా జరిగినదాన్ని కావాలని చేయగలమా అన్న ఆలోచన 2001లోనే మొలకెత్తింది. క్రెయిగ్ క్రూస్, రేమండ్ డిషేజ్ బృందాలు ఒక కొసన ఇ-3ను, మరో కొసన కూల్చదలచిన ప్రోటీన్‌ను పట్టుకునే రెండు తలల అణువును తయారు చేసి ప్రోటాక్ అన్నారు. మామూలు మందు ప్రోటీన్‌లోని పనిచేసే చోటును మూసేయాలి, మూసినంతసేపే దాని ప్రభావం ఉంటుంది. ప్రోటాక్ ఎక్కడ పట్టుకున్నా ఫర్వాలేదు, పట్టి ఇచ్చాక విడివడి మరో ప్రతి కోసం వెళ్లవచ్చు. ఇంత ఊరించే ఉపాయమైనా, ఆరు వందల ఇ-3లలో ఇప్పటికి ఎక్కువగా వాడుతున్నవి సెరిబ్లాన్, వీహెచ్ఎల్ రెండే. తక్కినవాటిలో చాలావాటిని గట్టిగా పట్టుకునే చిన్న అణువులు ఇంకా చేతికి చిక్కలేదు. థాలిడోమైడ్ తరగతి మందులకు లొంగడం మానేసిన మైలోమా కణాలను విప్పి చూస్తే, వాటిలో కొన్నింటిలో ఇకారోస్ చెక్కుచెదరకుండా, ప్రోటియాసోమ్ పదునుగా పనిచేస్తూ కనిపిస్తాయి. మారినది సెరిబ్లాన్ ఒక్కటే. ఆ కణాలు దాన్ని తగ్గించుకున్నాయి, లేదా మ్యుటేషన్‌తో పోగొట్టుకున్నాయి. తమను పట్టిచ్చేది ఏదో వాటికి కూడా తెలిసినట్టే ఉంది.